గ్రీన్‌కార్డు కన్నా ముందు పెళ్ళి: నా అనుభవం

2021లో అమెరికాలో ఉద్యోగం చేస్తూ, గ్రీన్‌కార్డు క్యూ ఏ తేదీ దాకా వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ ప్రతి నెలా ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని. ఆఫీసులో మనవాళ్ళందరూ చూసేవాళ్ళే. వాళ్ళంతా తేదీ ముందుకు జరగాలని కోరుకునేవాళ్ళు. నేను మాత్రం ఇంకొన్ని నెలలు ఎక్కడున్నది అక్కడే ఆగాలని దేవుడికి దండం పెట్టుకునేదాన్ని. అప్పటికి నాకు సంబంధం కుదిరింది, పెళ్ళి కాలేదు. పెళ్ళి కాకుండా కార్డు చేతికొస్తే నేను చేసుకోబోయే మనిషి ఏళ్ళ తరబడి ఇండియాలోనే ఉండిపోవాల్సి రావచ్చు. ఇదే ఇబ్బందిలో ఉన్న అమ్మాయిలు, అబ్బాయిలు ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంటారు. అందుకే జరిగినదంతా ఒకచోట రాస్తున్నాను.

మాది తెనాలి. ఎమ్మెస్ కోసం వచ్చి, చదువయ్యాక డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో ఉద్యోగంలో చేరాను. కంపెనీ గ్రీన్‌కార్డు మొదలుపెట్టింది. ఈబీ-2 అనే ఉద్యోగ కేటగిరీ, ప్రయారిటీ డేట్ (క్యూలో నా స్థానం చెప్పే తేదీ) 2014 మార్చి. ఒక్కో దేశానికి ఏడు శాతం అన్న పరిమితి వల్ల ఇండియాలో పుట్టినవాళ్ళ క్యూ ఎంత పొడుగో చెప్పనక్కర్లేదు. 2020 అక్టోబరు బులెటిన్‌లో అనుకోకుండా తలుపు తెరుచుకుంది. ఈబీ-2 ఫైలింగ్ తేదీ (ఆఖరి దరఖాస్తు వేసుకోనిచ్చే తేదీ) 2011 మే 15 దగ్గరే ఉంటే, దాని కింది కేటగిరీ ఈబీ-3 ఫైలింగ్ తేదీ 2015 జనవరి 1కి వచ్చింది. నాలాంటి వాళ్ళు చాలామంది ఈబీ-3కి డౌన్‌గ్రేడ్ చేసుకుని ఐ-485 (గ్రీన్‌కార్డు ఆఖరి దరఖాస్తు) వేశారు. నేనూ వేశాను. ఫారంలో వివాహ స్థితి అని అడిగిన చోట సింగిల్ అని పెట్టాను. అప్పటికి అదే నిజం.

ఫైల్ వేసిన కొద్ది నెలలకి బాపట్ల సంబంధం వచ్చింది. ఆయన గుంటూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నారు. వీడియో కాల్స్‌లో మాట్లాడుకున్నాం, ఇద్దరికీ నచ్చింది. పెద్దవాళ్ళు మాటలు పూర్తిచేసుకుని తాంబూలాలు మార్చుకున్నారు. ఆ వారంలోనే నేను లాయరు గారి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

ఆవిడ చెప్పినదాని సారం ఇది. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్‌కార్డులో భార్యకి గానీ భర్తకి గానీ అదే ప్రయారిటీ డేట్ మీద కార్డు వస్తుంది. అయితే అసలు దరఖాస్తుదారు కార్డు అప్రూవ్ అయ్యే రోజుకి పెళ్ళి జరిగిపోయి ఉండాలి. నిశ్చితార్థం లెక్కలోకి రాదు, అచ్చేసిన శుభలేఖ లెక్కలోకి రాదు. అప్రూవల్‌కి ఒక్క రోజు ముందు జరిగినా సరే, చట్టప్రకారం పెళ్ళి జరిగి ఉండాలి. కార్డు వచ్చాక చేసుకుంటే దారే వేరు. గ్రీన్‌కార్డు హోల్డర్ తన భర్త కోసం ఐ-130 అనే ఫ్యామిలీ పిటిషన్ వేసి, అలాంటి భార్యాభర్తలుండే ఎఫ్2ఏ క్యూలో నిలబడాలి. పైగా నాకు కార్డు వచ్చిన రోజునే నా హెచ్1బి (ఉద్యోగ వీసా) అయిపోతుంది కాబట్టి ఆయనకి హెచ్4 (దాని మీద వచ్చే డిపెండెంట్ వీసా) ఇప్పించే వీలు కూడా పోతుంది.

అప్పట్లో ఎఫ్2ఏ కరెంట్‌లోనే ఉంది, అంటే తేదీ కోసం ఆగక్కర్లేదు కదా అని అడిగాను. 2019 జులై నుంచి అలాగే ఉంది. ఆవిడ ఒప్పుకున్నారు. కానీ ఐ-130 పరిశీలనకే ఏడాది పైన పడుతోందని, కోవిడ్ వల్ల ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూలు కుప్పలుగా పేరుకుపోయాయని, ఈరోజు కరెంట్‌లో ఉన్నది రేపు కూడా ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరని చెప్పారు. ఆ చివరి మాట ఎంత నిజమో 2023లో తెలిసింది. ఆ ఏడాది ఏప్రిల్ బులెటిన్‌లో ఎఫ్2ఏ ఏకంగా 2020 సెప్టెంబరు 8కి వెనక్కి వెళ్ళింది.

నాన్నకి ఇదంతా అర్థమయ్యేలా చెప్పడానికి చాలా ఓపిక పట్టాల్సి వచ్చింది. "కార్డు వచ్చాకే పెళ్ళి చేసుకుంటే నిశ్చింత కదమ్మా, ఈలోపు ఉద్యోగం పోతే ఏం చేస్తావు?" అనేది ఆయన ఆలోచన. తండ్రిగా సబబైన ఆలోచనే. తేదీలన్నీ కాగితం మీద రాసి వీడియోలో చూపించాను, అప్పుడు ఒప్పుకున్నారు. అత్తయ్య గారి భయం వేరు. అబ్బాయి ఇక్కడి ఉద్యోగం వదిలేసి భార్య మీద డిపెండెంట్‌గా వెళ్ళి ఇంట్లో కూర్చోవాలా అన్నది ఆవిడ బాధ. మన ఊళ్ళలో అమ్మాయి హెచ్4 మీద వెళ్తే ఎవరూ అడగరు, అబ్బాయి వెళ్తే వీధి వీధంతా అడుగుతారు. నా ఐ-140 (కంపెనీ నా కోసం వేసిన గ్రీన్‌కార్డు పిటిషన్) అప్రూవ్ అయి ఉంది కాబట్టి హెచ్4 మీద వచ్చినా ఈఏడీకి (పని అనుమతి కార్డుకి) దరఖాస్తు చేసుకుని పని చేయొచ్చని నేనే అత్తయ్య గారికి నేరుగా చెప్పాను. ఆయన కూడా పట్టుబట్టి, "నేను వెళ్ళాలనుకుంటున్నాను అమ్మా" అన్నారు. ఆ ఒక్క మాట నాకు ఎంత ధైర్యమిచ్చిందో!

2021 మే, జూన్‌లలో పెళ్ళి అనుకున్నాం. ఏప్రిల్‌లో సెకండ్ వేవ్ వచ్చింది. ఆక్సిజన్ కోసం జనం పరుగులు పెడుతున్న రోజుల్లో పెళ్ళి మాట ఎత్తడానికే మనసు రాలేదు. మే 4 నుంచి ఇండియా నుంచి వచ్చేవాళ్ళ మీద అమెరికా ఆంక్షలు పెట్టింది. నా పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు ఎప్పుడో అయిపోయింది. ఇండియా వెళ్తే తిరిగి రావడానికి కొత్త స్టాంపింగ్ కావాలి, అపాయింట్‌మెంట్లేమో వరసగా రద్దవుతున్నాయి. వెళ్ళి అక్కడ ఇరుక్కుంటే ఉద్యోగం, దానితోపాటు ఫైల్ రెండూ కష్టంలో పడతాయి. ముహూర్తం వాయిదా వేశాం.

అప్పుడే ఒక స్నేహితురాలు ఇంకో దారి చెప్పింది. యూటా రాష్ట్రంలో యూటా కౌంటీ వాళ్ళు ఆన్‌లైన్లో, వీడియో కాల్‌లోనే పెళ్ళి జరిపించి సర్టిఫికెట్ ఇస్తున్నారు. ఆయన గుంటూరులో, నేను ఇర్వింగ్‌లో ఉండి కూడా చేసుకోవచ్చు. నిజం చెప్పాలంటే ఆశపడ్డాను. లాయరు గారిని అడిగితే ఆపేశారు. వధూవరులు ఒకరి ఎదుట ఒకరు లేకుండా జరిగిన పెళ్ళిని, ఆ తర్వాత ఇద్దరూ కలిసి కాపురం చేసేదాకా అమెరికా ఇమిగ్రేషన్ చట్టం గుర్తించదు. అంటే ఆన్‌లైన్లో చేసుకున్నా ఇద్దరం ఒకచోట కలవనిదే ఆ సర్టిఫికెట్ నా కేసులో పనికిరాదు. ఎలాగూ కలవాల్సిందే అయినప్పుడు మన పద్ధతిలోనే చేసుకుందాం అనుకున్నాం.

ఆ ఏడాది వేసవి నుంచి నాకు నిద్ర సరిగ్గా లేదు. కోవిడ్ వల్ల వాడకుండా మిగిలిపోయిన ఫ్యామిలీ వీసాల నంబర్లన్నీ ఉద్యోగ కేటగిరీలకి వచ్చి చేరాయి. మామూలుగా ఏడాదికి 1,40,000 ఉండేవి 2,60,000 దాటాయి. ఈబీ-3లో కార్డు ఇచ్చే తేదీ (ఇది ఫైలింగ్ తేదీ కాదు, వేరు) నెలనెలా దూకింది. సెప్టెంబరుకి 2014 జనవరి 1కి వచ్చేసింది. నాది మార్చి. ఇంకొక్క అడుగు వేస్తే నా నంబరే. అక్టోబరులో కూడా అక్కడే నిలబడింది. ఆ వారాల్లో ఫోన్ మోగితే భయం, ఈమెయిల్ వస్తే భయం. ఏళ్ళ తరబడి కోరుకున్నది తలుపు దాకా వస్తే ఇంకా రావద్దని ప్రార్థించడం ఎంత నరకమో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

నవంబరు బులెటిన్‌లో ఈబీ-3 తేదీ 2012 జనవరి 15కి వెనక్కి వెళ్ళింది. మా టీమ్‌లో ఒకమ్మాయి ఆరోజు రెస్ట్‌రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చింది. ఆమెకి ఇద్దరు చిన్నపిల్లలు, తండ్రికి ఆరోగ్యం బాగాలేక ఇండియా వెళ్ళాలని తపన. ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాను. నాకు ఎంత ఊరటగా ఉందో ఆమెకి చెప్పలేకపోయాను.

నవంబరు 8న ప్రయాణ ఆంక్షలు ఎత్తేశారు. ఇంట్లో మళ్ళీ ముహూర్తాల మాట మొదలైంది. ఇక్కడ మన పంచాంగం, అమెరికా బులెటిన్ రెండూ ఒకదానితో ఒకటి పోటీపడ్డాయి. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం, పెళ్ళిళ్ళు చేయరు. ఫిబ్రవరి చివర్నుంచి మార్చి దాకా గురు మూఢం. మధ్యలో మిగిలింది మాఘమాసం మొదటి సగం. సిద్ధాంతి గారు ఉగాది దాటాక ఇంకా బలమైన ముహూర్తాలున్నాయని చెప్పారు. అప్పటిదాకా ఆగితే ఏమవుతుందో ఎవరికి తెలుసు? నేను ఫోన్లో ఆయనకి నా పరిస్థితంతా విడమరిచి చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, మా ఇద్దరి జాతకాలు మళ్ళీ చూసి, ఫిబ్రవరిలో మూఢం రాకముందే ఒక రాత్రి ముహూర్తం పెట్టారు. ఆ పెద్దాయనకి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

ప్రయాణం విషయంలో లాయరు గారు గట్టిగా చెప్పినది ఒకటుంది. అప్పటికి నా చేతికి అడ్వాన్స్ పెరోల్ (ఫైల్ పెండింగ్‌లో ఉండగా దేశం దాటి తిరిగి రావడానికి అనుమతి) కలిసిన ఈఏడీ కార్డు వచ్చింది. దానితో తిరిగి రావచ్చు. కానీ వీలైనంతవరకు హెచ్1బి స్టాంపింగ్ వేయించుకుని హెచ్1బి మీదే రమ్మన్నారు. ఈఏడీ మీద పని చేయొద్దన్నారు. నేను హెచ్1బిలో కొనసాగితేనే ఆయనకి హెచ్4 వస్తుంది. స్టాంపింగ్ ఆలస్యమైతే పెరోల్ కార్డు చేతిలో ఉంటుంది. ఐ-485 పెండింగ్‌లో ఉండగా హెచ్1బి మీద వెళ్ళి, అదే కంపెనీకి అదే హెచ్1బి మీద తిరిగొస్తే ఫైల్‌కి ఏమీ కాదు. హెచ్, ఎల్ వీసాలు కాకుండా వేరే వీసా మీద ఉన్నవాళ్ళు పెరోల్ లేకుండా దేశం దాటితే మాత్రం ఐ-485 వదిలేసుకున్నట్టే లెక్క. ఈ తేడా తెలియక చాలామంది అనవసరంగా భయపడతారు, కొంతమంది భయపడాల్సిన చోట భయపడరు.

రినీవల్ కాబట్టి హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ లేకుండా డ్రాప్‌బాక్స్‌లో పాస్‌పోర్టు ఇచ్చి తెనాలి వచ్చాను. ఒమిక్రాన్ వల్ల జనవరిలో రాత్రి కర్ఫ్యూ పెట్టారు, పెళ్ళికి జనాన్ని తగ్గించాం. పెళ్ళి బాగా జరిగింది. తలంబ్రాల దగ్గర మా ఇద్దరి నవ్వులు చూసి నాన్న కళ్ళు తుడుచుకోవడం కనిపించింది. పాస్‌పోర్టు స్టాంపింగ్‌తో తిరిగొచ్చింది.

నాకు పెళ్ళిరోజు ఎంత ముఖ్యమో రిజిస్ట్రేషన్ రోజు కూడా అంతే ముఖ్యం. లగ్నపత్రిక, పెళ్ళి ఫోటోలు, వయసు, చిరునామా రుజువులు, సాక్షులు, వాళ్ళ ఆధార్ కార్డులు పట్టుకుని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళాం. ప్రింట్ తీసే ముందు తెర మీద పేర్లు చూపించమని అడిగాం. పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగే అక్షరం అక్షరం సర్టిఫికెట్‌లో ఉండాలి. ఇంటిపేరు పూర్తిగా రాయాలి, పొడి అక్షరం కాదు. ఆయన ఇంటిపేరులో ఒక అక్షరం తేడాగా పడితే అక్కడికక్కడే సరిచేయించాం. అది అలాగే వచ్చేసి ఉంటే హెచ్4 దగ్గర, ఐ-485 దగ్గర మళ్ళీ మళ్ళీ అఫిడవిట్లు ఇస్తూ కూర్చునేవాళ్ళం. నా ఇంటిపేరు నేను మార్చుకోలేదు. ఫైల్ నడుస్తుండగా పేరు మార్చుకుంటే పాస్‌పోర్టు నుంచి ఐ-140 దాకా అన్నిటికీ వివరణ ఇచ్చుకోవాలి. అత్తయ్య గారు కూడా ఇందుకు ఏమీ అనలేదు.

"ముందు రిజిస్టర్ చేయించేసి పెళ్ళి తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చుగా" అని చాలామంది సలహా ఇస్తారు. హిందూ వివాహ చట్టం కింద రిజిస్ట్రేషన్ అంటే జరిగిన పెళ్ళిని నమోదు చేయడం. పెళ్ళితంతు జరగకుండా తీసుకున్న సర్టిఫికెట్ ఒక్కదానితో హిందూ వివాహం అయిపోదని 2024లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. తొందర ఉన్నవాళ్ళు గుడిలో పదిమంది ఎదుట శాస్త్రప్రకారం చేసుకుని, వెంటనే రిజిస్టర్ చేయించి, పెద్ద రిసెప్షన్ తర్వాత పెట్టుకోవచ్చు. లేదా ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల నోటీసు ఇచ్చి చేసుకోవచ్చు. జరగని పెళ్ళికి కాగితం పుట్టించడం మాత్రం వద్దు. అబద్ధం మీద కట్టిన ఫైల్ ఎప్పుడు కూలుతుందో తెలియదు.

తిరిగొచ్చాక పెళ్ళి సర్టిఫికెట్ కాపీ జతచేసి, వివాహ స్థితి మారిందని లాయరు గారి ద్వారా నా ఫైల్‌కి తెలియజేశాం. ఇక ఆయన హెచ్4. ఆయనకి ఇంతకుముందు అమెరికా వీసా లేదు కాబట్టి ఇంటర్వ్యూకి వెళ్ళాలి. ఆ రోజుల్లో స్లాట్ దొరకడమే గగనం. రాత్రుళ్ళు లేచి చూసేవారు. చివరికి ఏప్రిల్‌లో చెన్నైలో దొరికింది. పెళ్ళి ఆల్బమ్, శుభలేఖ, సర్టిఫికెట్, నా హెచ్1బి అప్రూవల్ నోటీసు (ఐ-797), జీతం స్లిప్పులు తీసుకెళ్ళారు. అడిగినవి రెండు మూడు ప్రశ్నలే.

ఇక్కడ ఇంకో నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. 2022లో ఈబీ-3 వెనకబడి, ఈబీ-2 వేగంగా కదులుతోంది. ఈబీ-3 కింద ఉన్న ఐ-485ని మళ్ళీ ఈబీ-2కి మార్చమని సప్లిమెంట్-జె అనే ఫారంతో అడగొచ్చు, అందరూ ఇంటర్‌ఫైలింగ్ అనేది దీన్నే. తోటివాళ్ళందరూ ఫిబ్రవరి, మార్చిల్లోనే పంపేశారు. నేను ఆగాను. పెళ్ళి అయిపోయింది కాబట్టి కార్డు ముందొచ్చినా ఆయన హక్కు పోదు, నిజమే. కానీ ఆయన ఇండియాలో ఉండగా నాకు వచ్చేస్తే హెచ్4 పోతుంది. అప్పుడు నా అప్రూవల్‌ని కాన్సులేట్‌కి తెలియజేయమని ఐ-824 ఫారం వేసి, ఆయన ఇమిగ్రెంట్ వీసా కోసం ఎదురుచూడాలి. ఆ వీసా ఇచ్చే రోజుకి తేదీ కరెంట్‌లో ఉండాలి. తేదీ వెనక్కి పోతే ఆయన అక్కడ, నేను ఇక్కడ. అందుకే ఆయన వీసా చేతికొచ్చాక, మేలో పంపాను. ఆలస్యం చేస్తున్నావని తిట్టినవాళ్ళున్నారు. ఇప్పుడు మళ్ళీ అదే పరిస్థితి వచ్చినా నేను అలాగే చేస్తాను.

ఆయన మే నెలలోనే వచ్చారు. జూన్ బులెటిన్‌లో ఈబీ-2 తేదీ 2014 సెప్టెంబరు 1కి వచ్చింది. నా డేట్ కరెంట్ అయింది. ఆ నెలలోనే ఆయన ఐ-485, ఈఏడీ, అడ్వాన్స్ పెరోల్ దరఖాస్తులు, మెడికల్‌తో సహా వేసేశాం. ఆయన బర్త్ సర్టిఫికెట్‌లో పేరు లేదు, అప్పట్లో మన దగ్గర పుట్టిన చాలామందికి అంతే. మామయ్య గారు మునిసిపాలిటీ చుట్టూ తిరిగి పేరు ఎక్కించి పంపారు. ఈ పని పెళ్ళి కుదిరిన రోజే మొదలుపెట్టమని అందరికీ చెబుతాను.

ఆగస్టులో నా కార్డు అప్రూవ్ అయింది. ఆయనది రాలేదు. ఆ ఆర్థిక సంవత్సరానికి ఈబీ-2 నంబర్లన్నీ అయిపోయాయని సెప్టెంబరు 6న విదేశాంగ శాఖ ప్రకటించింది. అక్టోబరు బులెటిన్‌లో ఈబీ-2 తేదీ 2012 ఏప్రిల్ 1కి వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి నెలలు మాకు చాలా కష్టంగా గడిచాయి. నా హెచ్1బి పోయింది కాబట్టి ఆయన హెచ్4 కూడా పోయింది. పెండింగ్ ఐ-485 మీద ఇక్కడ ఉండటానికి ఇబ్బంది లేదు, ఈఏడీ వచ్చేదాకా పని చేయడానికి లేదు. రోజూ పాఠం చెప్పే మనిషి, క్లాసులో పిల్లల మధ్య ఉండే మనిషి, పొద్దున్న నేను ఆఫీసుకి వెళ్తే సాయంత్రం దాకా అపార్ట్‌మెంట్‌లో ఒక్కరే. ఇండియా నుంచి ఎవరైనా "ఏం చేస్తున్నావు" అని అడిగితే ఆయన ముఖం చూడలేకపోయేదాన్ని. వారాంతాల్లో గుడిలో మన పిల్లలకి ఉచితంగా లెక్కలు చెప్పడం మొదలుపెట్టారు. అదే ఆయన్ని నిలబెట్టింది. 2023 మొదట్లో ఈఏడీ వచ్చింది, కొద్దిరోజుల్లో ఉద్యోగమూ దొరికింది. భర్తకి గానీ భార్యకి గానీ ఈ ఖాళీ నెలలుంటాయని పెళ్ళికి ముందే కూర్చుని మాట్లాడుకోండి. డబ్బు లెక్క కూడా అప్పుడే వేసుకోండి.

రెండో దారిగా 2022 నవంబరులో ఆయన కోసం ఐ-130 కూడా వేశాను. అది తేలేలోపే ఎఫ్2ఏ వెనక్కి వెళ్ళింది. ఒకే మనిషికి రెండు క్యూలు ఉండటంలో తప్పేమీ లేదు, ఏది ముందు కదిలితే అదే పట్టుకోవచ్చు.

నా కథ విని తొందరపడి ముందే పెళ్ళి చేసేసుకోవద్దని కూడా చెప్పాలి. మా పెద్దమ్మ మనవరాలిది సరిగ్గా దీనికి వ్యతిరేకం. వాళ్ళ నాన్నకి గ్రీన్‌కార్డు ఉంది, 21 దాటిన అవివాహిత కూతురిగా ఆమెకి ఎఫ్2బి పిటిషన్ నడుస్తోంది. వీసా రాకముందు ఆమె పెళ్ళి చేసుకుంటే ఆ పిటిషన్ అక్కడితో ఆగిపోతుంది, ఎందుకంటే గ్రీన్‌కార్డు హోల్డర్ పెళ్ళైన పిల్లలకి పిటిషన్ వేయడానికి చట్టంలో కేటగిరీయే లేదు. తండ్రి సిటిజన్ అయ్యాక పెళ్ళి చేసుకుంటే పిటిషన్ ఎఫ్3లోకి (సిటిజన్ల పెళ్ళైన పిల్లల కేటగిరీలోకి) మారి బతుకుతుంది, క్యూ మాత్రం చాలా పొడుగు. ఇంట్లోవాళ్ళు మా పెళ్ళి చూసి ఆమెకీ ముహూర్తాలు చూస్తుంటే నేను ఫోన్ చేసి ఆపించాను. కేటగిరీ ఏమిటో అడగకుండా ఎవరికీ పెళ్ళి తేదీ గురించి సలహా ఇవ్వకూడదు.

ఇది రాస్తున్న 2024 డిసెంబరుకి ఈబీ-2 తేదీ ఇంకా 2012లోనే ఉంది. ఆయన ఐ-485 పెండింగ్‌లో ఉంది, ఈఏడీ, పెరోల్ గడువులోగా రెన్యూ చేయించుకుంటున్నాం. నాకు కార్డు వచ్చి ఐదేళ్ళయ్యేది 2027 ఆగస్టుకి. దానికి 90 రోజుల ముందు నుంచే సిటిజన్‌షిప్‌కి దరఖాస్తు చేసుకోవచ్చు. నేను సిటిజన్ అయిన రోజు నుంచి ఆయన ఏ క్యూలోనూ ఉండక్కర్లేదు. దానికి కావలసిన కాగితాలు, ప్రయాణాల తేదీలు, ట్యాక్స్ రిటర్నులు ఇప్పటినుంచే ఒక ఫోల్డర్‌లో పెడుతున్నాం.